పట్టా లేని చదువు: సరోజినీ నాయుడు ఇంగ్లండు రోజులు

దోహాలో బ్రిటిష్ సిలబస్ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఒక దృశ్యం మామూలే. వంటింట్లో పప్పుకి పోపు వేగుతూ ఉంటుంది. ముందుగదిలో పరీక్షకు తయారవుతున్న పిల్లో, పిల్లవాడో 'మాక్‌బెత్' నాటకంలో మంత్రగత్తెల మాటలు వల్లెవేస్తూ ఉంటారు. వింటున్న తల్లిదండ్రులకు రెండు దిగుళ్ళు. ఈ పరాయి నాటకాలూ, కవిత్వమూ రేపు ఏ ఉద్యోగానికి పనికొస్తాయన్నది మొదటిది. ఈ చదువుతో పిల్లలు మనకే పరాయివాళ్ళైపోతారేమోనన్నది రెండోది. బడి చదువు ముగిసి వాళ్ళు పైచదువుకి ఇంగ్లండుకే ప్రయాణమైతే ఆ రెండో దిగులు ఇంకాస్త పెరుగుతుంది.

ఈ రెండు దిగుళ్ళూ ఇప్పటివి కావు. 1895లో పదహారేళ్ళ హైదరాబాదు అమ్మాయి ఒకతె ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళింది. మూడేళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చదివింది. డిగ్రీ లేకుండానే తిరిగి వచ్చింది. ఆమె పేరు సరోజిని. ఆ పేరు వినగానే మనకు ఉప్పు సత్యాగ్రహం, కాంగ్రెసు అధ్యక్ష పదవి, గవర్నరు పదవి గుర్తుకొస్తాయి. ఆమె విద్యార్థి జీవితం గురించి మాత్రం అంతగా చెప్పుకోం. పిల్లల్ని పరాయి దేశంలో పెంచుతున్న మనకు పనికొచ్చే సంగతులు ఆ మూడేళ్ళలోనే ఎక్కువ ఉన్నాయి.

ప్రవాసుల బిడ్డ

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టింది. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ తూర్పు బెంగాలులోని ఢాకా ప్రాంతం వారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సులో డాక్టరేటు తీసుకుని వచ్చి, నిజాం రాజ్యంలో ఇంగ్లీషు చదువులు నెలకొల్పే పనిలో చేరారు. ఆయన నడిపిన హైదరాబాదు కాలేజీయే తరువాత నిజాం కాలేజీ అయింది. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో కవిత్వం రాసేవారు. అంటే, మన మాటల్లో చెప్పుకోవాలంటే, సరోజిని ప్రవాసుల బిడ్డ. ఉద్యోగం కోసం భాష తెలియని ఊరు చేరిన తల్లిదండ్రులకు, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల.

1883లో చాందా రైలుమార్గం ఒప్పందం మీద నోరు విప్పినందుకు ప్రభుత్వం అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి పంపించివేసింది. కొన్నేళ్ళకు మళ్ళీ రానిచ్చింది. ఉద్యోగం పోతే ఊరే వదలవలసి వస్తుందన్న భయం మనకు తెలిసినట్టే ఆ ఇంటికీ తెలుసు.

ఆ ఇంటి తలుపులు మాత్రం అందరికీ తెరిచే ఉండేవి. పండితులు, ఫకీర్లు, కవులు, రాగిని బంగారం చేస్తామనే రసవాదులు, అందరూ వచ్చి కూర్చునేవారు. అఘోరనాథ్‌కు స్వయంగా రసవాదం పిచ్చి ఉండేది. భార్యాభర్తలు బెంగాలీలో మాట్లాడుకునేవారు. పిల్లలతో తల్లి హిందుస్తానీలో మాట్లాడేది. తండ్రి ఇంగ్లీషు నేర్పాలని పట్టుబట్టారు. తొమ్మిదేళ్ళ సరోజిని ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే ఒకరోజు గదిలో పెట్టి తాళం వేశారట. బయటికి వచ్చింది మొదలు ఆమె తల్లిదండ్రులతో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడలేదు. తల్లి హిందుస్తానీలో అడిగేది, కూతురు ఇంగ్లీషులో జవాబిచ్చేది. ఈ దృశ్యం మన ఇళ్ళలో ఎవరికీ కొత్తగా అనిపించదు.

తండ్రి ఆమెను శాస్త్రవేత్తనో, గణితవేత్తనో చేయాలనుకున్నారు. పదకొండో ఏట బీజగణితం లెక్క ఒకటి ఎంతకీ తెమలక కూర్చుని ఉండగా, లెక్కకు బదులు ఒక పద్యం తోచింది. అక్కడితో ఆమె దారి మారిపోయింది. పన్నెండో ఏట మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌లో రాజధాని మొత్తానికీ మొదటిదిగా నిలిచింది. పదమూడో ఏట ఆరు రోజుల్లో పదమూడు వందల పాదాల కావ్యం రాసింది. అదే ఏడు జబ్బు పడితే డాక్టరు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. ఆయన మీద కోపంతో రెండువేల పాదాల నాటకం రాసేసింది! తన ఆరోగ్యం శాశ్వతంగా పాడైంది ఆ రోజుల్లోనేనని ఆమె తరువాత చెప్పుకుంది.

ఇష్టం లేని ప్రయాణం

ఆ వయసులో ఆమె రాసిన 'మెహర్ మునీర్' అనే పారశీక గాథ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాకా చేరింది. ఆయన ఏడాదికి 300 పౌండ్ల విద్యార్థివేతనం మంజూరు చేశారు. అయితే ఈ ప్రయాణం వెనక ఇంకో కారణం కూడా ఉంది.

ఎడిన్‌బరోలో వైద్యం చదివి వచ్చి నిజాం కొలువులో డాక్టరుగా ఉన్న ముత్యాల గోవిందరాజులు నాయుడు గారు, సరోజిని ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆయన తెలుగువారు, ఆమె బెంగాలీ. ఆయన బ్రాహ్మణేతరులు, ఆమె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. వయసులో కూడా తేడా ఎక్కువే. రెండు వైపులా పెద్దలు ససేమిరా అన్నారు. పిల్ల కొన్నాళ్ళు దూరంగా ఉంటే మనసు మారుతుందని పెద్దల ఆశ. ఆ విధంగా 1895లో, తన ఇష్టానికి విరుద్ధంగా, సరోజిని ఇంగ్లండు చేరింది. బ్రహ్మసమాజ భావాలున్న ఇల్లు, ఎందరికో తలుపు తెరిచిన ఇల్లు, కూతురి పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి అందరిళ్ళలాగే వెనకాడింది.

లండనులో నేర్చుకున్నది

మొదట ఆమె లండనులోని కింగ్స్ కాలేజీలో చేరింది. అప్పటి లండను నాటకాల ఊరు. లైసియం థియేటరులో హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీ షేక్స్పియర్ నాటకాలు వేసేవారు. ఆ 1895లోనే ఇర్వింగ్‌కు సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండులో ఒక నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నాటకం వేసేవాణ్ణి పెద్దమనుషుల పంక్తిలో కూర్చోబెట్టడం ఆ దేశానికి కూడా అప్పుడే అలవాటవుతోందన్నమాట.

సరోజినికి ఆ దేశపు సాహిత్యలోకంలోకి దారి చూపినవారు ఎడ్మండ్ గాస్. పేరున్న విమర్శకుడు. నార్వే నాటకకర్త ఇబ్సెన్‌ను ఇంగ్లీషువారికి పరిచయం చేసిన తొలి వ్యక్తుల్లో ఒకరు. 'హెడ్డా గాబ్లర్'ను ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఆయనే. పరాయి సాహిత్యాన్ని తన భాషలోకి తేవడంలో ఉండే కష్టం తెలిసిన మనిషి. కవి ఆర్థర్ సైమన్స్ కూడా ఆమెకు అక్కడే పరిచయమయ్యారు. పట్టు బట్టలు కట్టుకుని, జుట్టు వీపు మీద వదిలి, తక్కువ ఎత్తు కుర్చీలో ఒదిగి కూర్చుని, తక్కువగా మాట్లాడే చిన్నపిల్లలా ఆమె తనకు కనిపించిందని ఆయన తరువాత రాశారు. కవి యేట్స్ తండ్రి, చిత్రకారుడు జాన్ బట్లర్ యేట్స్ ఆమె బొమ్మ గీశారు.

ఒకరోజు ఆమె తన పద్యాల కట్ట తెచ్చి గాస్ చేతిలో పెట్టింది. ఆయన చదివారు. ఛందస్సులో తప్పు లేదు. భాషలో వంక లేదు. చిక్కల్లా లోపలున్న సరుకుతోనే వచ్చింది. ఆ పద్యాల నిండా రాబిన్ పిట్టలు, ఇంగ్లీషు పల్లెటూళ్ళు, జనాన్ని ప్రార్థనకు పిలిచే చర్చి గంటలు! టెన్నిసన్, షెల్లీలను చదివి చదివి, హైదరాబాదు పిల్ల ఇంగ్లీషు పిల్లలా రాసింది. గాస్ మొహమాటపడలేదు. ఈ నకలు ఇంగ్లీషు రాతనంతా చెత్తబుట్టలో వేసేయమన్నారు. యూరపు భావాలకు పాలిష్ పెట్టి తిరిగి తమకే ఇవ్వడం వద్దని, తన దక్కను కొండలు, తోటలు, గుళ్ళు, అక్కడి మనుషులు, వాళ్ళ నమ్మకాలు, వాటి గురించి రాయమని చెప్పారు. 1912లో ఆమె రెండో పుస్తకానికి ముందుమాట రాస్తూ ఆయన ఈ సంగతంతా చెప్పారు.

పదిహేడేళ్ళ పిల్లకు ఆ మాట ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషులో రాణించాలనే పెంచారు. తీరా రాణించి చూపిస్తే, ఆ ఇంగ్లీషువాడే నీ ఊరి సంగతి చెప్పమంటున్నాడు. ఆమె అలిగి మానేయలేదు. ఆ సలహా వినింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గాస్ నీ దేశం గురించి రాయమంటే ఆమె తాతల నాటి బెంగాలును తెచ్చుకోవడానికి వెతుకులాడలేదు. హైదరాబాదు బజార్లు, మసీదు నుంచి వచ్చే అజాను, గాజులమ్మేవాళ్ళు, పల్లకీ బోయీలు, నేతగాళ్ళు, కోరమాండల్ తీరం జాలరులు ఆమె పద్యాల్లోకి నడిచి వచ్చారు. తండ్రి పుట్టిన ఊరి కన్నా తాను పెరిగిన ఊరే ఆమెకు సొంత ఊరైంది.

పట్టా ఇవ్వని విశ్వవిద్యాలయం

కింగ్స్ కాలేజీ తరువాత ఆమె కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీకి వెళ్ళింది. 1869లో ఆడవాళ్ళ పైచదువు కోసమే పెట్టిన కాలేజీ అది. మగ విద్యార్థుల మధ్య ఉంటే బాగుండదని ఊరికి రెండు మైళ్ళకు పైగా దూరాన కట్టారు. 1881 నుంచి అమ్మాయిలను పరీక్షలు రాయనిచ్చేవారు గాని, మగవాళ్ళతో సమానంగా రాసి పాసైనా డిగ్రీ మాత్రం ఇచ్చేవారు కాదు.

సరోజిని ఇంగ్లండులో ఉన్న కాలంలోనే, 1897 మే 21న, స్త్రీలకు డిగ్రీలివ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో ఓటింగు జరిగింది. వద్దన్నవారు పదిహేడు వందలకు పైనే. కావాలన్నవారు ఏడు వందలు కూడా లేరు. సైకిలు మీద కూర్చున్న ఆడపిల్ల దిష్టిబొమ్మను వీధి మీద వేలాడదీసి కుర్రకారు పండగ చేసుకున్నారు. షేక్స్పియర్‌ను, మిల్టన్‌ను ప్రపంచానికి పాఠంగా చెప్పే దేశపు మరో ముఖం అది. బ్రిటిష్ సంస్కృతి చదవడమంటే ఈ రెండు ముఖాలూ చూడడమే.

ఆరోగ్యం మళ్ళీ దెబ్బతింది. మధ్యలో కొన్నాళ్ళు ఇటలీ వెళ్ళి వచ్చింది. చివరికి చదువు పూర్తిచేయకుండానే 1898 సెప్టెంబరులో హైదరాబాదు చేరింది. పూర్తిచేసి ఉన్నా ఆమె చేతికి కేంబ్రిడ్జి పట్టా వచ్చేది కాదు. స్త్రీలకు పేరుకు మాత్రం డిగ్రీ ఇవ్వడానికి ఆ విశ్వవిద్యాలయం 1921లో ఒప్పుకుంది. పూర్తి హక్కులతో ఇచ్చింది 1948లో. అప్పటికి సరోజినికి మిగిలిన ఆయుష్షు కొద్ది నెలలు.

వీరేశలింగం గారి చేతుల మీదుగా

మూడేళ్ళ దూరం పెద్దలు ఆశించిన పని చేయలేదు. 1898 డిసెంబరులో మద్రాసులో సరోజినికి, గోవిందరాజులు గారికి బ్రహ్మసమాజ పద్ధతిలో, 1872 వివాహ చట్టం కింద పెళ్ళయింది. పెళ్ళి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. కులం దాటిన పెళ్ళి కనుక దేశంలో గొడవ గొడవగా చెప్పుకున్నారు.

ఆ పెళ్ళిపందిట్లో ఇంగ్లీషు నాటకాలు బాగా చదివినవారు వధువుతో పాటు ఇంకొకరు కూడా ఉన్నారు. షేక్స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా, షెరిడన్ నాటకాన్ని 'రాగమంజరి'గా తెలుగు చేసింది వీరేశలింగం గారే. ఆయన ఓడెక్కలేదు. ఇంగ్లండు చూడలేదు. గోదావరి ఒడ్డున కూర్చుని ఆ నాటకాలను చదివి, మనకు పనికొచ్చేది ఏరుకున్నారు. సరోజిని వెళ్ళి చూసి వచ్చింది. దారులు వేరైనా ఇద్దరూ నేర్చుకున్న దాన్ని నేర్చుకున్న చోటే వదిలి రాలేదు.

సరోజిని అలా ముత్యాల వారి కోడలైంది. అప్పట్లో మన దోహా ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారి ఊరు. ఈ గల్ఫు నీళ్ళలో దొరికిన ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి నవాబుల మెడల్లో దండలయ్యేవి. మన రెండు ఊళ్ళకూ చుట్టరికం పెట్రోలు కన్నా, వీసాల కన్నా పాతది.

బంగారు గడప

నలుగురు పిల్లల్ని పెంచుతూ, జబ్బులతో వేగుతూ ఆమె రాసిన పద్యాలు 1905లో 'ది గోల్డెన్ త్రెషోల్డ్' పేరుతో లండనులో అచ్చయ్యాయి. ఆర్థర్ సైమన్స్ ముందుమాట రాశారు. పుస్తకాన్ని ఆమె ఎడ్మండ్ గాస్‌కు అంకితమిచ్చింది. చెత్తబుట్ట చూపించిన గురువుకు ఆమె చెల్లించిన దక్షిణ అది. ఆ తరువాత 1912లో 'ది బర్డ్ ఆఫ్ టైమ్', 1917లో 'ది బ్రోకెన్ వింగ్' వచ్చాయి.

నిజం చెప్పాలంటే, ఆ కవిత్వానికి తరువాత పాఠకులు తగ్గారు. ఇంగ్లీషు కవిత్వపు రుచి మారింది. మరీ తియ్యగా ఉందని, బజారులో పేదరికం కనిపించనంతగా రంగులద్దిందని విమర్శకులు అన్నారు. అందులో కొంత నిజముంది. ఆమె తెలుగులో రాయలేదన్న లోటు కూడా మనకు ఉంది. అయినా హైదరాబాదు బజారునూ, మన తూర్పుతీరపు జాలరినీ ఇంగ్లీషు పద్యంలోకి అంత ముందుగా తీసుకెళ్ళింది ఆమే. ఆ పద్యాలు ఇప్పటికీ మన పిల్లల వాచకాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

1908 మూసీ వరదల్లో ఆమె బాధితుల కోసం పనిచేసింది. ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ తరువాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసింది. 1914లో లండనులో గాంధీజీని మొదటిసారి కలిసింది. అక్కడి నుంచి కవిత్వం వెనకబడి ఉపన్యాసం ముందుకొచ్చింది. కాగితం చూడకుండా గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడగల ఆమె గొంతు దేశమంతా వినబడింది.

డిగ్రీ ఇవ్వని ఊరిలో చూసినది ఆమె మరిచిపోలేదనే అనిపిస్తుంది. 1917 డిసెంబరులో మద్రాసు వచ్చిన భారతమంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు అడిగిన బృందానికి ఆమే నాయకురాలు. 1919లో లండను వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు అదే వాదన వినిపించింది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు ఇచ్చింది. కేంబ్రిడ్జి తన విద్యార్థినులకు పేరుకు మాత్రం డిగ్రీ ఇవ్వడానికి ఒప్పుకున్నది కూడా ఆ ఏడాదే.

1925లో కాన్పూరులో కాంగ్రెసు అధ్యక్షురాలైంది. ఆ పదవి పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. 1930 మేలో ధరాసనలో ఉప్పు సత్యాగ్రహులను ముందుండి నడిపించి జైలుకు వెళ్ళింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు, చదువుకున్న లండనులోనే ఆ దేశపు ఏలికలకు ఎదురుగా కూర్చుంది. వాళ్ళు నేర్పిన భాషలోనే వాళ్ళతో వాదించింది. 1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాల గవర్నరై, ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూసింది.

నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఆ ఇంటికి ఆమె తొలి పుస్తకం పేరే ఉంది: 'గోల్డెన్ త్రెషోల్డ్', బంగారు గడప. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలి అడుగులు వేసింది ఆ ఇంట్లోనే. నాటకం, నృత్యం, చిత్రలేఖనం నేర్పే ఆ విశ్వవిద్యాలయపు కళల విభాగానికి సరోజినీ నాయుడు పేరు పెట్టారు. పట్టా లేకుండా తిరిగి వచ్చిన విద్యార్థిని పేరున ఎందరో పట్టాలు పుచ్చుకుంటున్నారు.

మళ్ళీ మన ముందుగదికి వద్దాం. మాక్‌బెత్ చదివితే పిల్లలు పరాయివాళ్ళవుతారన్న భయానికి సరోజిని జీవితం మంచి జవాబే. పరాయి సాహిత్యాన్ని బాగా చదివిన మనిషే, తన సొంత ఊరు ఏదో తేల్చుకోగలిగింది. కాకపోతే ఆ జవాబులో మనకు కాస్త ఇబ్బంది కలిగించే మాట కూడా ఒకటి ఉంది. ఆమె తేల్చుకున్న ఊరు తల్లిదండ్రులు వదిలి వచ్చిన ఢాకా కాదు, వాళ్ళు బతకడానికి వచ్చిన హైదరాబాదు. రేపు మన పిల్లల్లో ఒకరు కలం పట్టి తన ఊరి గురించి రాస్తే, అందులో గోదావరి గట్టో, ఓరుగల్లు కోటో ఉండకపోవచ్చు. కార్నిష్ ఒడ్డున ఊగే ధౌ పడవలు, సూక్ వాకిఫ్‌లో సుగంధ ద్రవ్యాల వాసన, వేసవి మధ్యాహ్నపు ఇసుకగాలి, శుక్రవారం ఉదయం అమ్మ వేసే పెసరట్టు ఉండవచ్చు.

అప్పుడు మనం బాధపడనక్కర్లేదు. ఈ దేశం మనకు ఉద్యోగం ఇచ్చింది, వాళ్ళకు చిన్నతనం ఇచ్చింది. ఆ పెసరట్టు పేరు వాళ్ళు తెలుగులో రాయగలిగేలా చూసుకోవడం వరకే మన పని. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.